పండగ నవలలు, సెలవుల ప్రేమకథలు: మా బీరువా దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లారులో, లిఫ్టు పక్కన ఒక పాత ఇనప బీరువా ఉంది. ఎవరో ఖాళీ చేసి వెళ్తూ వదిలేశారు. ఇప్పుడు అందులో రెండు అరల తెలుగు నవలలు, మూడు అరల ఇంగ్లీషు నవలలు ఉన్నాయి. నవంబరు రాగానే పై అరని పండగ కథలకి కేటాయిస్తాను. తాళం నా దగ్గరే ఉంటుంది కాబట్టి ప్రశ్నలు కూడా నా దగ్గరికే వస్తాయి. మొదట్లో తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించాను. ఏడాదికేడాది ప్రశ్నలు పెరిగి కాగితం చాలక, ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

పండగ నవల అని దేన్నంటారు? కథలో ఒక పండగ వస్తే చాలదా?

చాలదు. నేను పెట్టే పరీక్ష ఒకటే. కథలోంచి పండగని తీసేసి చూడండి. అయినా కథ నడిచిపోతుంటే దాన్ని పై అరలో పెట్టను, కింద మామూలు నవలల్లో పెడతాను. మనవాళ్ల నవలల్లో దీపావళి సీను లేనిది అరుదు. హీరోయిన్ పట్టుపరికిణీ కట్టుకుని మతాబా కాలుస్తుంది, హీరో చూస్తాడు, పేజీ తిరగ్గానే పండగ అయిపోతుంది. అది అలంకారం.

అసలైన పండగ కథలో పండగే గడువు. ఏడాదంతా ఒకరికొకరు కనపడని మనుషులు ఒకే కప్పు కిందకి చేరతారు. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో ఏదో ఒకటి తేలాలి, తర్వాత ఎవరి దారి వాళ్లది. సంక్రాంతికి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చేవాళ్ల ఫోన్‌లో రిటర్న్ టికెట్ ఉంటుంది చూడండి, ఈ కథల్లో విలన్ అదే. మనిషి రూపంలో వేరే విలన్ అక్కర్లేదు.

ఈ సంగతి వైజాగ్ వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 120 రోజుల ముందు కాకుండా 60 రోజుల ముందే మొదలవుతోంది. అంటే భోగికి ఇంటికి రావాలంటే నవంబరు మధ్యలో ఒకరోజు పొద్దున్న ఎనిమిదింటికి ఫోను పట్టుకుని కూర్చోవాలి. రావడానికి టికెట్ దొరక్కపోతే ఏ బస్సో ఎక్కి వచ్చేస్తారు. వెళ్లడానికి దొరక్కపోతేనే అసలు టెన్షన్. మా పై ఫ్లాట్ అబ్బాయికి పోయిన సంక్రాంతికి వెయిటింగ్ లిస్టు కన్‌ఫర్మ్ కాలేదు, మూడు రోజులు ఎక్కువ ఉండిపోయాడు. వాళ్లమ్మ ఆ మూడు రోజులూ లిఫ్టులో కనపడిన ప్రతిసారీ నవ్వుతూనే ఉంది. ఒక మంచి పండగ నవల చదివితే నాకు సరిగ్గా ఆ మొహమే గుర్తొస్తుంది.

ఇంగ్లీషు పండగ నవలల్లో ఎక్కడ చూసినా మంచు కురుస్తూనే ఉంటుంది. వైజాగ్‌లో డిసెంబరులో కూడా ఫ్యాన్ వేసుకుని పడుకునే మనకి అవేం ఎక్కుతాయి?

ఎక్కుతాయి. ఆ కథల్లో మంచు ఏం పని చేస్తోందో గమనిస్తే చాలు. దారులు మూసుకుపోతాయి, కారు కదలదు, పడని ఇద్దరు ఒకే ఇంట్లో చిక్కుకుంటారు. మంచు ఉద్యోగం మనుషుల్ని కదలనివ్వకపోవడం. అదే ఉద్యోగం మన దగ్గర ఒక సామెత చేస్తోంది: కనుమ నాడు కాకి కూడా కదలదు.

ఆలోచించండి. అల్లుడు బ్యాగు సర్దుకుని గుమ్మం దాకా వచ్చాడు. అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపలేదు, "కనుమ నాడు ప్రయాణమేటి బాబూ" అని ఒక్క మాట అంది. అంతే, బ్యాగు మళ్లీ మంచం కిందకి వెళ్లిపోయింది. అమెరికా రచయితలు తుపాను రప్పించి, కరెంటు తీసేసి, రోడ్డు మీద చెట్టు పడేసి సాధించేదాన్ని మన అమ్మమ్మలు గారెల పిండి రుబ్బుతూ సాధించేశారు. కనుమ దాటితే ముక్కనుమ ఉండనే ఉంది. ఇంత చక్కటి ఏర్పాటు చేతిలో పెట్టుకుని మన రచయితలు దాన్ని వాడుకున్నది తక్కువే అనిపిస్తుంది నాకు.

మరీ చలి కావాలనుకుంటే లంబసింగి ఉంది. అక్కడ శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా దిగిపోతుంది. కాకపోతే ఈమధ్య డిసెంబరు ఆదివారాల్లో అక్కడ చిక్కుకునేది మంచులో కాదు, ట్రాఫిక్‌లో.

మిస్టిల్‌టో, బాక్సింగ్ డే, థాంక్స్‌గివింగ్ లాంటివి అర్థం కాక ఆగిపోతున్నాను. ముందు ఇవన్నీ తెలుసుకోవాలా?

తెలుసుకోకపోయినా కథ అర్థమవుతుంది. తెలిస్తే కొంచెం ఎక్కువ నవ్వుతారు. బీరువా దగ్గర ఎక్కువగా అడిగేవి ఇవీ.

మిస్టిల్‌టో అంటే మన మామిడి చెట్లకి పట్టే బదనిక లాంటి మొక్క. వేరే చెట్టు కొమ్మ మీద బతుకుతుంది. దాని రెమ్మని గుమ్మానికి వేలాడదీస్తారు, దాని కింద ఎదురుపడిన ఇద్దరు ముద్దు పెట్టుకోవాలని ఆచారం. అది కట్టి ఉన్న గుమ్మం కిందకి హీరో హీరోయిన్లు పొరపాటున వచ్చారని రచయిత రాస్తే నమ్మకండి, ఆ గుమ్మాన్ని నలభై పేజీల ముందే సిద్ధం చేసి ఉంటారు.

బాక్సింగ్ డే డిసెంబరు 26. కొట్టుకోవడానికీ దానికీ సంబంధం లేదు. బ్రిటన్‌లో పనివాళ్లకి, ఉత్తరాలు తెచ్చేవాళ్లకి పెట్టెల్లో కానుకలు ఇచ్చే అలవాటు నుంచి వచ్చింది. మన దసరా మామూళ్ల లాంటిదనుకోండి. కథలో ఆ రోజు సాధారణంగా అందరికీ బద్ధకంగా ఉంటుంది, నిజాలు బయటపడేది అప్పుడే.

థాంక్స్‌గివింగ్ అమెరికాలో నవంబరు నాలుగో గురువారం. ఊళ్లకి వెళ్లే రద్దీ, బంధువుల ఆరాలు, "ఇంకా పెళ్లి చేసుకోలేదా" అనే ప్రశ్న, అన్నీ మనకి బాగా తెలిసినవే. టర్కీ కోడి ఒక్కటే కొత్త.

ఈ ప్రేమకథలన్నీ ఒకేలా ఉంటాయి కదా? చివరికి కలుస్తారని ముందే తెలిసిపోతే చదవడం ఎందుకు?

ఈ ప్రశ్న ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు, అడిగినవాళ్లలో సగం మంది జనవరికల్లా నాలుగు పుస్తకాలు పట్టుకెళ్తారు.

కలుస్తారని తెలుసు. రొమాన్స్ అని అట్ట మీద వేసి చివర్లో ఒకరిని చంపేస్తే ఆ జానర్ పాఠకులు పుస్తకం విసిరికొడతారు. ఆఖరికి పెళ్లి దాకా వెళ్లకపోయినా, ఇప్పటికి ఇద్దరూ సంతోషంగా ఉన్నారన్నంత వరకు హామీ ఉండాలి. తెలియాల్సింది ఎలా కలుస్తారన్నదే.

మా అమ్మ అరిసెల పాకం పట్టేటప్పుడు పక్కన పళ్లెంలో చన్నీళ్లు పెట్టుకునేది. గరిటెతో ఒక చుక్క పాకం నీళ్లలో వేసి వేలితో చుట్టి చూసేది. ఉండ కడితే సరే. కట్టకపోతే ఇంకాసేపు. ఒక్క నిమిషం ఆలస్యమైతే అరిసెలు రాళ్లవుతాయి, ఒక్క నిమిషం ముందు దింపితే నూనెలో విడిపోతాయి. ఏం తయారవుతుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా ఆ చుక్క నీళ్లలో పడేటప్పుడు పొయ్యి చుట్టూ కూర్చున్న ఆడవాళ్లంతా మాట ఆపేసేవారు. ప్రేమకథలో మూడొంతులు గడిచాక ఇద్దరూ పోట్లాడుకుని విడిపోయే అధ్యాయం ఒకటి వస్తుంది. అక్కడ నేను అలాగే మాట ఆపేస్తాను. పాకం కుదిరిందా లేదా అక్కడే తెలుస్తుంది. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థం మీద విడదీస్తే ఆ రచయిత పేరు నా నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో పడుతుంది.

మూసలు కొన్ని ఉన్నాయి, పేర్లు తెలుసుకుంటే మీకు నచ్చేది వెతుక్కోవడం తేలిక. ఇంట్లోవాళ్ల పోరు పడలేక ఎవరినో లవరని చెప్పి పండగకి తీసుకెళ్తే అది ఫేక్ డేటింగ్. వదిలేసి వెళ్లిన ఊరికి, వదిలేసిన మనిషి దగ్గరికి తిరిగొస్తే సెకండ్ చాన్స్. చిటపటలాడే మనిషికి, నవ్వుతూ ఉండే మనిషికి ముడిపెడితే గ్రంపీ-సన్‌షైన్. హోటల్లో ఒకే గది మిగలడం పాత చింతకాయ పచ్చడే, ఇప్పటికీ అమ్ముడుపోతోంది. నా ఓటు సెకండ్ చాన్స్‌కి. పండగకి ఊరెళ్లడమంటేనే వదిలేసినవాటిని మళ్లీ చూడటం కదా.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇంగ్లీషు పండగ నవలలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కొత్తవి వచ్చేస్తాయి. ఆ వేడిలో క్రిస్మస్ కథ చదవడం నా వల్ల కాదు.

మా బీరువా క్యాలెండరు వేరు. డిసెంబరు 4న నేవీ డే, ఆ విన్యాసాలు మన ఊళ్లో జరిగే ఏడాది రిహార్సళ్ల రోజుల్లో బీచ్ రోడ్డు మీద హెలికాప్టర్ల మోతకి ఏకాగ్రత కుదరదు, కాబట్టి చిన్న కథలు. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి క్యూలో గంటలు గంటలు నిలబడాలి. అక్కడ నవల తీసి చదివితే పక్కావిడ ఒక చూపు చూస్తుంది, ఫోన్‌లో చదువుకోండి. డిసెంబరు మూడో వారం నుంచి వన్‌టౌన్‌లో ఇళ్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి. పెద్ద నవలకి అదే అదను. క్రిస్మస్ నుంచి భోగి దాకా దాదాపు ఇరవై రోజులు, రెండు పండగల మధ్య ఖాళీ. నా చదువంతా ఆ ఇరవై రోజుల్లోనే.

ఇంగ్లీషులో ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ముందు పొడవు చూసుకోండి. పండగ కథల్లో నవలికలు ఎక్కువ, వంద నూట యాభై పేజీల్లో అయిపోతాయి. నాలుగైదు నవలికలు ఒకే అట్ట కింద వేసిన సంకలనాలు కూడా దొరుకుతాయి. ఒకటి నచ్చకపోతే ఇంకొకటి ఉంటుంది కాబట్టి మొదటిసారి వాటితో మొదలుపెట్టడం క్షేమం. సెలవుల రోజుల్లో ఎవరో ఒకరు తలుపు కొడుతూనే ఉంటారు, నాలుగు వందల పేజీల నవల నడుస్తుందని నమ్మకం లేదు.

పాతది కావాలంటే డికెన్స్ క్రిస్మస్ దెయ్యాల కథ 'ఎ క్రిస్మస్ కేరల్' ఉండనే ఉంది. 1843 డిసెంబరు 19న అచ్చయి, పండగ ముందు రోజుకల్లా 6,000 ప్రతులు అమ్ముడైపోయాయి. పండగకి పుస్తకం అనే వ్యాపారం అంత పాతది. అందులో ప్రేమకథ చాలా చిన్నది, కానీ ఉంది: డబ్బు మీద యావతో ఆ కథలోని పిసినారి ముసలాయన కుర్రతనంలో వదులుకున్న అమ్మాయి. ఒకటి రెండు పేజీలే. ఈసారి చదివినప్పుడు ఆ పేజీల దగ్గర ఆగండి.

దెయ్యాలు వద్దు, హత్య కావాలంటే అగాథా క్రిస్టీ 1938లోనే తన డిటెక్టివ్ పాయిరోని ఒక క్రిస్మస్ బంగళాకి పంపింది. బంధువులంతా ఒకే ఇంట్లో, తాళం వేసిన గది, ముసలి తండ్రి ఆస్తి. ప్రేమకథకి కావాల్సిన సరంజామాయే హత్యకి కూడా కావాలి. మా బ్లాక్‌లో పండగకి ఆస్తి పంపకాల మాట ఎత్తిన ఒక ఇంట్లోంచి వినపడిన అరుపులు విన్నాక నాకు ఆ నవల ఇంకా బాగా అర్థమైంది.

రాజుల కాలం, గుర్రపు బగ్గీలు ఇష్టమైతే రీజెన్సీ కథలు చదవండి. అవి 1811 నుంచి 1820 మధ్య ఇంగ్లండులో జరుగుతాయి. ఒక చిన్న కిటుకు చెప్తాను. ఆ కాలంలో మామూలు ఇళ్లలో క్రిస్మస్ చెట్టు లేదు. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ 1848లో ఒక లండన్ పత్రికలో పడ్డాకే అక్కడ ఇంటింటికీ ఆ అలవాటు పాకింది. రీజెన్సీ నవలలో మొదటి అధ్యాయంలోనే ప్రతి ఇంట్లో పెద్ద చెట్టు కనపడితే ఆ రచయిత మిగతా వివరాల్ని కూడా కొంచెం అనుమానంగా చదవండి.

తెలుగులో అసలు పండగ నవలలు ఉన్నాయా?

పండగ గురించిన నవలలు తక్కువ, పండగ కోసం రాసినవి బోలెడు. ఈ తేడా మన దగ్గరే కనపడుతుంది. మన పత్రికలకి దీపావళి, ఉగాది ప్రత్యేక సంచికలు ఉండేవి. మామూలు సంచిక కంటే లావుగా, రంగుల అట్టతో, కథలతో నిండిపోయి. చక్రపాణి గారి 'యువ' దీపావళి సంచిక కోసం ఎదురుచూసిన ఇళ్లు ఎన్నో. దానికి ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారు మనవాళ్లే, శ్రీకాకుళంలో పుట్టి కశింకోటలో స్థిరపడ్డారు. వపా బొమ్మలో అమ్మాయి చేతిలో దీపం పట్టుకుని నిలబడితే, లోపల కథ లేకపోయినా కథ చదివినట్టే ఉండేది.

పక్క భాషల వాళ్లు దీన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. మరాఠీలో 'మనోరంజన్' పత్రిక 1909లో మొదలుపెట్టిన దీపావళి సంచికల అలవాటు ఇప్పటికీ సాగుతోంది. బెంగాలీ వాళ్లకి దుర్గాపూజ సంచికలో పూర్తి నవలలే వస్తాయి. ఇక ఐస్‌లాండ్‌లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మిగతా సరుకులకి కటకట ఉన్నా కాగితం దొరికేది, దాంతో జనం ఒకరికొకరు పుస్తకాలే కానుకలిచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అక్కడ డిసెంబరు 24 రాత్రి కొత్త పుస్తకం పట్టుకుని కూర్చోవడం పండగలో భాగం.

మన విషయానికొస్తే, పండగ ప్రేమకథ కోసం నవలల కంటే కథల్లో వెతకండి. వారపత్రికల సంక్రాంతి, దీపావళి కథల పోటీల్లోంచి వచ్చినవి బాగుంటాయి. ఇంకో గని ఉంది, బైండు చేయించిన సీరియళ్లు. మా అత్తగారు వారం వారం సీరియల్ పేజీలు చింపి, దారంతో కుట్టి, చివరికి బైండింగు చేయించేవారు. ఆ పేజీల వెనక వైపు పండగ చీరల ప్రకటనలు, వంటలు, ఉత్తరాలు. ఒకచోట ప్రేమలేఖ సగంలో ఆగిపోయి, పేజీ తిప్పితే కాకరకాయ వేపుడు వస్తుంది. ఆ బైండు పుస్తకం బీరువాలో ఉంది, బయటికి ఇవ్వను, అక్కడే స్టూలు వేసుకుని చదువుకోవాలి.

వైజాగ్‌లో ఇవి ఎక్కడ దొరుకుతాయి?

ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. ముందు అక్కడికి వెళ్లండి, కొనడం తర్వాత. వెళ్లి "పండగ నవలలు" అని అడిగితే ఎవరికీ అర్థం కాదు, అలాంటి అర ఉండదు. రచయిత పేరుతో వెతుక్కోవాలి.

పాత తెలుగు కథలకి శ్రీకాకుళంలో కథానిలయం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న మొదలుపెట్టారు. ఆయన వైజాగ్‌లోనే ఏళ్ల తరబడి బడిపంతులుగా పనిచేశారు. తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని మొదలైన గ్రంథాలయం. సంక్రాంతికి శ్రీకాకుళం వైపు వెళ్లేవాళ్లు ఒక పూట మిగుల్చుకోండి, పండగ రోజుల్లో తెరిచి ఉంటుందా అని ముందు కనుక్కుని మరీ.

ఇంట్లో కూర్చునే చదవాలంటే, హక్కుల గడువు తీరిపోయిన పాత ఇంగ్లీషు పుస్తకాలు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉచితం. పాత తెలుగు పత్రికల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. కొత్తగా రాస్తున్నవాళ్ల తెలుగు కథలు ప్రతిలిపి యాప్‌లో వస్తాయి, మంచీ చెడూ కలగలిపి. ఏరుకునే ఓపిక ఉండాలి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఉంది, నేను దెబ్బతిని నేర్చుకున్నాను. రెండేళ్ల కిందట ఒక వెబ్‌సైట్‌లో క్రిస్మస్ రొమాన్స్ ఒకటి ఆర్డరిచ్చాను. అట్ట బాగుంది, ధర తక్కువ. తీరా వచ్చాక మొదటి పేజీలోనే పదకొండు మంది పేర్లు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలీదు. అరవయ్యో పేజీలో అర్థమైంది, నేను పట్టుకున్నది ఒక సీరీస్‌లో మూడో పుస్తకం. అన్న పెళ్లి మొదటి పుస్తకంలో అయిపోయింది, అక్క పెళ్లి రెండోదాంట్లో. చుట్టాల పెళ్లికి ఆలస్యంగా వెళ్లి భోజనాల దగ్గర కూర్చున్నట్టుంది నా పరిస్థితి. తిరిగి పంపుదామంటే, పుస్తకం పాడవలేదు కదా, తీసుకోం అన్నారు. వాళ్ల మాటా నిజమే.

అందుకని అట్ట మీద చిన్న అక్షరాల్లో సీరీస్ నంబరు ఉందేమో చూడండి. పేజీల సంఖ్య చూడండి. పాత పుస్తకానికే కొత్త అట్ట, కొత్త పేరు వేసి మళ్లీ అమ్మడం ఈ జానర్లో మామూలే, కాబట్టి మొదట ఎప్పుడు అచ్చయిందో కూడా చూసుకోండి.

"ఆ" సీన్లు ఉంటాయా? మా అమ్మాయి కూడా బీరువా తెరుస్తుంది.

కొన్నిటిలో ఉంటాయి. ఒకప్పుడు అట్ట చూస్తే తెలిసిపోయేది, చొక్కా గుండీలు ఊడిన హీరో ఉంటే జాగ్రత్తపడేవాళ్లం. ఇప్పుడు బొమ్మల పుస్తకంలా ముచ్చటైన కార్టూన్ అట్ట వేసి లోపల ఏదైనా పెడుతున్నారు. అట్టని నమ్మకండి. గది తలుపు మూసుకోగానే అధ్యాయం మారిపోయే పుస్తకాలకి బీరువాలో ఆకుపచ్చ చుక్క పెట్టాను. తలుపు మూశాక కూడా రచయిత లోపలే ఉండిపోయినవాటికి ఎర్ర చుక్క. ఎర్ర చుక్కవి పై అర మూలకి ఉంటాయి. అవే ముందు ఖాళీ అవుతాయి, పట్టుకెళ్లేది మా అమ్మాయిల కంటే అరవై దాటినవాళ్లే ఎక్కువ.

మగవాళ్లు చదవొచ్చా?

నేవీలో రిటైరైన ఒకాయన ఏడాదికి పదిహేను పట్టుకెళ్తారు. పుస్తకానికి హిందూ పేపరు అట్ట వేసి.

క్రిస్మస్ మన పండగ కాదు కదా అని ఇంట్లో అంటున్నారు.

క్రిస్మస్ చేసుకునే ఇళ్లు మన ఊళ్లో ఎన్ని లేవు? పాత ఊళ్లో రాస్ హిల్ దగ్గర చర్చి, దర్గా, గుడి పక్కపక్క గుట్టల మీదే ఉంటాయి. పక్కింటి కేకు తిన్నవాళ్లం, పక్కింటి కథ చదివితే తప్పేముంది? అదీకాక ఇంగ్లీషు పండగ రొమాన్స్ అంటే ఇప్పుడు క్రిస్మస్ ఒక్కటే కాదు. యూదుల హనుక్కా, ముస్లింల ఈద్, విదేశాల్లో మనవాళ్లు జరుపుకునే దీపావళి మీద కూడా రాస్తున్నారు. ఆ దీపావళి కథలు చదువుతుంటే ఒక్కోసారి నవ్వొస్తుంది, ప్రమిదల దగ్గర అమ్మమ్మ చెప్పే మాటలు మరీ క్యాలెండరు సూక్తుల్లా ఉంటాయి. మా ఇంట్లో గోగు కర్రలకి గుడ్డ వత్తులు చుట్టి "దిబ్బు దిబ్బు దీపావళి" అని నేలకేసి కొట్టేటప్పుడు మా అమ్మమ్మ అన్న మాట ఒక్కటే: "పరికిణీ అంటుకుంటాది, దూరం జరుగు."

పండగ రోజు డ్యూటీలో ఉండేవాళ్లకి, ఒంటరిగా ఉండేవాళ్లకి ఈ కథలు బాధ కలిగించవా?

కలిగిస్తాయి, అందరికీ అన్నివేళలా ఇవి పనికిరావు. స్టీలు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు భోగి వచ్చిందని ఆగదు. పోర్టులో ఓడ పండగ చూసుకుని రాదు. కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ నర్సుకి ఇల్లంతా నవ్వులతో నిండిపోయే కథ ఇస్తే కడుపు మంటే. మా ఆయన పోయిన మొదటి సంక్రాంతికి నేను పై అర తాళమే తియ్యలేదు.

అలాంటివాళ్లకి రొమాన్స్ పక్కన పెట్టి వేరేవి ఇస్తాను. పండగ రోజు పనిచేసేవాళ్ల కథలు, పండగంటే చిరాకుపడే మనిషి కథలు, హత్యలు. హత్యలు బాగా పనిచేస్తాయి. పిల్లలు విదేశాల్లో ఉన్న పెద్దవాళ్లయితే "అందరూ ఇంటికొచ్చారు" అనే ముగింపున్న పుస్తకాన్ని డిసెంబరులో వద్దనే చెప్తాను. ఫిబ్రవరిలో చదవండి, అప్పుడు అది ఉత్త కథలాగే ఉంటుంది.

అరకు రైల్లో చదువుకోవడానికి ఏది బాగుంటుంది?

ఏదీ వద్దు. కిరండూల్ రైలు మార్గంలో యాభైకి పైగా సొరంగాలు. హీరో ఏదో చెప్పబోతుంటే చీకటి, పిల్లల కేకలు, మళ్లీ వెలుతురు, వరస తప్పిపోతుంది. కిటికీలోంచి చూడండి. తిరిగొచ్చేటప్పుడు అలసిపోయి నిద్రపోతారు ఎలాగూ.

మనమే ఒక సంక్రాంతి ప్రేమకథ రాస్తే?

రాయండి, నేను మొదటి పాఠకురాలిని. పైన చెప్పిన కనుమ మీకు ఉచితంగా దొరికే మంచు తుపాను. ఇంకో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ముగింపు. ఇంగ్లీషు కథలో క్రిస్మస్ రాత్రి ఉంగరం తీస్తాడు, కథ కంచికి. మన సంక్రాంతి వచ్చేది పుష్యమాసంలో, అది శూన్యమాసం. పెళ్లి మాట ఎత్తినా ముహూర్తం మాఘం దాకా ఆగాలి. ముగింపు చెడిందని అనుకోకండి. మనసు కలిసింది, టికెట్ ఎల్లుండికి ఉంది, ముహూర్తం నెల తర్వాత. ఆ నెల రోజుల ఫోన్ కాల్స్‌తో ఇంకో నవల రాయొచ్చు.

రెండు, ఆషాఢం. కొత్త కోడలు పుట్టింటికి వెళ్లిపోయే నెల. సెలవు కథకి కావాల్సిన ఎడబాటు, గడువు రెండూ అందులో ఉన్నాయి, పైగా వానలు. అత్తగారి గడప తొక్కకూడదని ఆంక్ష ఉన్న కొత్త అల్లుడు ఏదో వంకతో బీచ్‌కి రమ్మనడం, మరదలు తోడు రావడం, ఐస్‌క్రీం ఇద్దరికే కొంటే మరదలు ఇంట్లో చెప్పేస్తానని బెదిరించడం. చూశారా, నేనే రాసేసేలా ఉన్నాను.

రాసేటప్పుడు పిండివంటల పేర్లు సరిగ్గా రాయండి చాలు. పాకుండల్ని శ్రీకాకుళం ఇంట్లో పోకుండలనే అంటారు. ఆ ఒక్క మాట సరిగ్గా పడితే ఇల్లంతా కళ్లకు కడుతుంది, ముగ్గు మీద పేజీన్నర వర్ణన అక్కర్లేదు.

తీసుకెళ్లిన పుస్తకం ఎప్పటికి తిరిగివ్వాలి?

ముక్కనుమ మర్నాటికి. ఊరెళ్తున్నవాళ్లు వెంట తీసుకెళ్లొచ్చు, అక్కడ చుట్టాలకి ఇచ్చేసి రాకండి. అలా పోయిన పుస్తకం ఒకటి ప్రస్తుతం బొబ్బిలిలో ఉంది, ఎవరింట్లో ఉందో కూడా నాకు తెలుసు.

అరిసెల నూనె పేజీకి అంటితే తడిగుడ్డతో తుడవకండి, కాగితం చిరుగుతుంది. రెండు వైపులా టాల్కం పౌడరు చల్లి, పైనా కిందా టిష్యూ పెట్టి, మీద బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. మరక సగం పోతుంది. నేను ఊళ్లో లేకపోతే తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది.